కొక్కెం వీపు

ఫైలు విప్పగానే తుమ్మొచ్చింది.
మిర్చియార్డు కేసులంతే,
కాగితం కూడా ఘాటెక్కి వస్తుంది.

మూడు వందల ఏడు. హత్యాయత్నం.
ముద్దాయి మేడికొండ ఏసోబు, హమాలీ.
వయసు ఒక పేజీలో ముప్పై ఎనిమిది,
ఇంకో పేజీలో నలభై అయిదు.
"పదేళ్ళు పడుద్దా అమ్మా?" అంది అతని భార్య
బ్రాడీపేటలో మా ఆఫీసు మెట్ల కింద చెప్పులు విడిచి.
చూద్దాం, అన్నాను.
మా వృత్తిలో అబద్ధం కాని మాట అదొక్కటే.

ముందు చదవాలి.
తప్పు ఎక్కడ జరిగిందో కాదు,
తప్పుగా ఎక్కడ రాశారో.
అయిదింటికి గొడవ.
ఆరుంపావుకి ఫిర్యాదు.
కొక్కెం పట్టుకున్న పంచనామా మాత్రం
అయిదున్నరకే యార్డులో ముగిసింది,
నేర సంఖ్యతో సహా.
బిడ్డ పుట్టకముందే బారసాల చేశారన్నమాట.

మధ్యవర్తి మస్తాన్‌వలీని బోనులో అడిగాను,
సంతకం ఎక్కడ పెట్టారండీ?
పీపీగారి వైపు చూశాడు.
ఫ్యాను వైపు చూశాడు.
"స్టేషన్లోనండి. టీ ఇచ్చారు."
టైపిస్టు టీ వదిలేసింది.
టీ కూడా రాయించండి సార్, అన్నాను.
జడ్జిగారు నవ్వలేదు గానీ రాయించారు.

తరవాత పెద్దాసుపత్రి డాక్టరు.
గాయం ఎడమ భుజం మీద,
రెండు సెంటీమీటర్లు, తోలు మందం.
ఎం.ఓ. వన్ అని చీటీ కట్టిన కొక్కెం
ఆయన చేతికిప్పించాను.
మొన చూడండి డాక్టరుగారూ,
నలభై కిలోల టిక్కీని ఒక్క పోటుకి లేపే మొన.
ఇది దిగితే ఇంతేనా?
"దిగితే ఇంత కాదు."
మరి తగిలింది ఏది?
అటూ ఇటూ తిప్పి చూశాడు.
"వీపు అయ్యుండొచ్చు."

ఆ ఒక్క వాక్యానికి
పదకొండు వాయిదాలు, రెండు వేసవులు,
ఏసోబు పోగొట్టుకున్న కూలి
నేను లెక్కపెట్టలేదు.

చంపే ఉద్దేశం రుజువు కాలేదన్నారు.
మూడు వందల ఏడు రాలిపోయి
మూడు వందల ఇరవై నాలుగు మిగిలింది.
రిమాండులో గడిచిన నలభై ఏడు రోజులే శిక్ష.
వెయ్యి రూపాయలు జరిమానా.
బార్ రూములో ఎవరో వీపు తట్టారు.

నాకు మాత్రం
జైలు ములాఖత్‌లో మొదటిరోజు విన్న మాట
గొంతులో కారంలా ఉంది.
"రెండొందల పన్నెండు టిక్కీలు మోశామమ్మా.
గుమాస్తా పూర్ణయ్య నూట తొంభై రెండని రాశాడు.
ఇరవై ఏమయ్యాయంటే
నీకు లెక్కలు కూడా వచ్చా అన్నాడు.
మొనతోనే ఎత్తానమ్మా.
దిగేలోపు చెయ్యి దానంతటదే తిరిగింది.
ఎందుకో తెలీదు."

చట్టం ఉద్దేశం అడుగుతుంది.
డాక్టరు గాయం చెబుతాడు.
ఆ రెంటి నడుమ ఒక మణికట్టు తిరిగింది,
అది ఏ వాంగ్మూలంలోనూ లేదు.
నేను దాచిందీ అదే,
కోర్టుకి చూపించిందీ అదే.
ఇక ఆ ఇరవై టిక్కీలంటారా,
అవి ఏ సెక్షన్లోకీ రాలేదు.
పూర్ణయ్య బోనెక్కి
కట్టు విప్పిన భుజం చూపించి వెళ్ళాడు.
పుస్తకం ఎవరూ తెమ్మనలేదు.
నేనూ తెమ్మనలేదు.
తెస్తే కోపానికి కారణం దొరుకుతుంది,
కారణం దొరికితే ఉద్దేశం దొరుకుతుంది.

జరిమానా కట్టి రసీదు మడిచి
జేబులో పెట్టుకుంటూ అడిగాడు,
"నా కొక్కెం ఇస్తారామ్మా?"
అప్పీలు గడువు తీరాక నాశనం చేస్తారు ఏసోబూ.
"పిడి నా చేతికి అరిగిందమ్మా అది."
కాసేపు ఏమీ అనలేదు.
ఖాళీ చెయ్యి ఒకసారి తిప్పి చూసుకున్నాడు,
ఎవరిదో అన్నట్టు.

"మీకివ్వాల్సిన ఫీజులో మూడొందలు
ఇప్పటికి ఆపుకుంటా. కొత్తది కొనాలి."
సరే అన్నాను.
మొన మొద్దుది చూసి తీసుకో
అనబోయి
ఊరుకున్నాను.